యంత్రం పలికే మంద్రస్వరం

దూరదేశంలో కాపురం పెట్టిన వాళ్ళకు టెలిఫోనును మించిన ఆత్మబంధువు లేదు. ట్రంక్‌కాల్ కలవడానికి గంటలకొద్దీ కాచుకొని, చివరకు గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో నాన్నగారి గొంతు "బాగున్నారా?" అనగానే పొంగిపోయిన రోజులు మనలో పెద్దవాళ్ళకు ఇంకా జ్ఞాపకమే. ఆ గొంతులో ఒక చిత్రం దాగి ఉంది. మగవారు మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 మార్లు కంపిస్తాయి. ఆనాటి టెలిఫోను వ్యవస్థ మోసుకొని వచ్చినదో, సుమారు 300 నుంచి 3400 వరకు గల కంపనాలను మాత్రమే. అనగా నాన్నగారి గొంతుకు పునాది అయిన స్వరం సముద్రం దాటి రానేలేదు! అయినా అది మనకు చిన్నపిల్లవాడి గొంతులాగ వినబడలేదు. రాని స్వరాన్ని మన మెదడే పూరించుకొంది.

ఈ పూరించుకొనే గుణం ఆసరాగా ఒక కొత్త విద్య పెరిగింది. మన పిల్లల గదుల్లోంచి, పక్కన ఆగిన కార్లలోంచి గుండెకు తగిలేటట్టు వచ్చే ఆ లోతైన మోతను సంగీతకారులు 'బేస్' అంటారు. మన పరిభాషలో అది మంద్రస్థాయి, ఒక్కొక్కప్పుడు అనుమంద్రం. ఎలక్ట్రానిక్ సంగీతంలో దానిని తీగ మీటి పుట్టించరు. విద్యుత్తుతోనో, కంప్యూటరు లెక్కలతోనో మొదటినుంచి చివరిదాకా తయారుచేస్తారు. అబ్బాయో అమ్మాయో హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఒకే ఒక్క స్వరాన్ని పట్టుకొని రెండు గంటలు మీటలు తిప్పుతూ కూర్చుంటే, "ఇదేం సంగీతం?" అన్న ప్రశ్న మన ఇళ్ళలో వినవస్తూనే ఉంటుంది. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ రెండు గంటలలో జరుగుతున్నది పాట కట్టడం కాదు, వాద్యం కట్టడం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి వీణ చేసే కళాకారుని పనికీ, దీనికీ ఉన్న పోలిక పైకి కనిపించే దానికన్న దగ్గరిది. ఆ పనిలోని శాస్త్రాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పునాదీ, పై అంతస్తులూ

వీణ తీగను మీటినప్పుడు తీగ మొత్తం ఒక్కటిగా ఊగుతుంది. అదే సమయంలో రెండు సగాలుగాను, మూడు భాగాలుగాను, నాలుగు భాగాలుగాను కూడ ఊగుతుంది. మొత్తం తీగ సెకనుకు 55 మార్లు ఊగితే దాని పౌనఃపున్యం 55 హెర్ట్జ్ అంటాము. ఇది ప్రాథమిక స్వరం. దానితో పాటు 110, 165, 220, 275... ఈ వరుసలో పుట్టేవి అనుస్వరాలు. వీటిలో ఏది ఎంత పాలున్నదనే దానిని బట్టే, ఒకే శ్రుతిలో పలికినా వీణ వీణలాగ, వేణువు వేణువులాగ వినిపిస్తాయి. ఈ విశ్లేషణకు గణితపు బాట వేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూరియే. 1822 లో ఆయన ప్రచురించిన గ్రంథం సంగీతం గురించి కాదు, ఉష్ణప్రసారం గురించి. వేడి లెక్కలు పాటకు పనికి రావడం శాస్త్రచరిత్రలో ఒక ముచ్చట.

వ్యాసమంతటా 55 హెర్ట్జ్ నే ఉదాహరణగా వాడుకుందాం. ఒకటి శ్రుతిలో పాడే గాయకుని ఆధార షడ్జమం సుమారు 130 హెర్ట్జ్. దాని మంద్ర షడ్జమం 65. కనుక 55 దానికి కూడ దిగువన ఉన్న అనుమంద్ర స్వరమన్నమాట. నాలుగు తీగల బేస్ గిటారు అట్టడుగు తీగ ఇంకొంచెం కిందకు, 41 హెర్ట్జ్ వరకు, దిగుతుంది.

ఇప్పుడు 55 ను పూర్తిగా తీసివేసి 110, 165, 220 లను మాత్రమే కలిపి వినిపించామనుకోండి. చెవికి 110 హెర్ట్జ్ స్వరం వినబడాలి కదా? వినబడదు, 55 హెర్ట్జ్ స్వరమే వినబడుతుంది. ఎందుకంటే ఆ మూడు తరంగాలు కలిసిన ఆకారం సెకనుకు 55 మార్లే పునరావృతమవుతుంది. ఆ పునరావృత్తిని పసిగట్టిన మెదడు "ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలు" అని తీర్మానించి, లేని తల్లిని కూడ పిలుచుకొని వస్తుంది. 1841 లో జర్మనీలో సీబెక్ ఒక సైరన్ సాయంతో ఇటువంటి ఫలితాన్నే చూపాడు. విద్యుత్తు పాఠాలలో మనం చదువుకొన్న ఓమ్ ఆయనతో విభేదించాడు. మహాశాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఓమ్ పక్షం వహించడంతో సీబెక్ మాట చాలాకాలం మరుగున పడి, 1940 ప్రాంతంలో డచ్చి శాస్త్రజ్ఞుడు స్కౌటెన్ పరిశోధనలతో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. చర్చి ఆర్గన్లు కట్టే పనివాళ్ళకు మాత్రం ఈ గుట్టు 18వ శతాబ్ది నాటికే తెలుసు. 32 అడుగుల గొట్టానికి చోటూ డబ్బూ లేనిచోట 16 అడుగుల గొట్టాన్నీ, దానికి పంచమం పలికే 10⅔ అడుగుల గొట్టాన్నీ ఒకేసారి పలికించి, 32 అడుగుల గొట్టం మోగుతున్న భ్రాంతి కలిగించేవారు.

బేస్ తయారుచేసే వాని కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది. అతని స్వరం రెండు రకాల చోట్ల బ్రతకాలి. పెద్ద పెద్ద స్పీకర్లున్న హాలులో 55 హెర్ట్జ్ పునాది ఒంటికి తగులుతుంది. చేతిలోని ఫోను స్పీకరు అంత చిన్నది 55 హెర్ట్జ్ ను పలకనే పలకలేదు. అక్కడ వినిపించవలసినవి అనుస్వరాలే. పైగా మన చెవి మంద్రస్థాయి పట్ల మహా లోభి. 1933 లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూపారు. 1000 హెర్ట్జ్ దగ్గర సున్నకు కాస్త పైన డెసిబెల్లుంటే వినబడే చెవికి, 50 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్లు దాటితే గాని చీమ కుట్టినట్టు కూడ ఉండదు. పునాది ఒక్కటే పెడితే ఫోనులో మాయం. అనుస్వరాలే పెడితే హాలులో బోలు. రెంటినీ ఏ పాళ్ళలో కలపాలి, ఆ పాళ్ళు స్వరం పుట్టిన క్షణం నుంచి లయించే దాకా ఎలా మారాలి? బేస్ నిర్మాణమంటే ఇదే.

కరణీ, బొంబాయి రవ్వా

అనుస్వరాలను చేతితో దిద్దుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. మామూలుగా బిగించిన గుండ్రటి తోలును కొడితే వెలువడే స్వరాలు 1, 1.59, 2.14, 2.30 నిష్పత్తులలో ఉంటాయి. ఇవి పూర్ణాంకాలు కావు గనుక డప్పు మోతలో ఫలానా శ్రుతి అని పట్టుకోవడం కష్టం. మృదంగం కుడివైపు మధ్యన పొరలు పొరలుగా వేసి రుద్దిన నల్లటి కరణి ఆ నిష్పత్తులను 1, 2, 3, 4, 5 దగ్గరకు లాక్కొని వస్తుంది. తోలు పాడటం నేర్చుకొంటుంది. ఈ సంగతిని శాస్త్రలోకానికి వెల్లడించినవారు సర్ సి. వి. రామన్, మొదట 1920 లో శివకాళి కుమార్‌తో కలిసి, తరువాత 1934 లో మరింత వివరంగా రాశారు. రామన్ తండ్రిగారు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు, రామన్ బాల్యపు చదువు ఆ ఊళ్ళోనే సాగింది.

అదే మృదంగానికి ఎడమవైపున కచేరీకి ముందు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతారు. తోలు బరువెక్కి పౌనఃపున్యం దిగుతుంది. బిగువు మారకుండా బరువు పెరిగితే కంపనం నెమ్మదించడం భౌతికశాస్త్ర నియమం. చిటికెడు రవ్వ ఎక్కువైతే మోత మొద్దుబారుతుంది, తక్కువైతే గుంకారం రాదు. విద్వాంసుడు అద్దడం, వాయించి చూడడం, కొంచెం గోకివేయడం, మళ్ళీ వాయించడం మనం చూసినదే. పిల్లవాడు తెర మీద మీట తిప్పడం, వినడం, కొంచెం వెనక్కు తిప్పడం చూసి విసుక్కొనేవాళ్ళు ఈ దృశ్యాన్ని ఒక్కసారి తలచుకోవాలి.

తొలచడం

మృదంగంలో పదార్థాన్ని కలిపి స్వరాన్ని దిద్దుతారు. సింథసైజరులో ఎక్కువగా వాడే పద్ధతి దానికి వ్యతిరేకం. అది పనసదుంగను తొలచడం వంటిది. ముందు అన్ని అనుస్వరాలూ సమృద్ధిగా ఉన్న తరంగాన్ని తీసుకొంటారు. రంపపు పళ్ళ ఆకారంలో ఉండే తరంగంలో రెండవ అనుస్వరం సగం, మూడవది మూడో వంతు, నాలుగవది నాలుగో వంతు బలంతో, ఇలా వరుసగా అన్నీ ఉంటాయి. చదరపు తరంగంలో బేసి సంఖ్య అనుస్వరాలే ఉంటాయి. అందుచేత దాని మోత వెదురు గొట్టంలా కాస్త బోలుగా ఉంటుంది. ఈ ముడిస్వరం కందిరీగల గుంపులాగ ఉంటుంది, ఎంతసేపూ వినలేము. దీనిని ఒక వడపోత గుండా పంపి పై అనుస్వరాలను చెక్కివేస్తారు. ఈ వడపోతనే ఫిల్టరు అంటారు.

ఫిల్టరు చేసే పని తెలియడానికి పరికరమేదీ అక్కరలేదు. ఒకే శ్రుతిలో గొంతు నిలిపి, పెదవులు ముడిచి "ఊ" అని మొదలుపెట్టి, నెమ్మదిగా నోరు తెరిచి "ఆ" అని, మళ్ళీ "ఊ" కు మూయండి. గొంతులో కంపనం మారలేదు, శ్రుతి మారలేదు. నోటి ఆకారం మాత్రమే మారి, కొన్ని అనుస్వరాలను ఆపింది, కొన్నిటిని వదిలింది. బేస్‌లో వినిపించే ఆ "వావ్" అనే పలుకుబడి రహస్యం ఇంతే. స్వరం మొదలు కాగానే ఫిల్టరు తెరుచుకొని, సెకనులో అయిదో వంతులోగా మూసుకొంటే తీగ మీటినట్టుంటుంది. నెమ్మదిగా తెరుచుకొంటే ఊదే వాద్యంలాగ ఉంటుంది. ఇలా కాలంతో పాటు వచ్చే మార్పును గీసుకొన్న గీతకు ఎన్వెలప్ అని పేరు. ఎన్వెలప్ మొదటి కొన్ని మిల్లీసెకన్ల పదును మీదనే చెవి "ఇది మీటినది, ఇది ఊదినది" అని నిర్ణయించుకొంటుంది. కొత్తగా నేర్చుకొనేవాళ్ళు తరంగం ఎంపిక మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ మొదటి క్షణం మీద పెడితే త్వరగా బాగుపడతారు.

ఈ పద్ధతిలో పేరెన్నికగన్నవాడు రాబర్ట్ మోగ్. న్యూయార్క్ రాష్ట్రంలో 1964 లో తన తొలి సింథసైజరును చూపాడు. నాలుగు మెట్ల నిచ్చెనలాగ ట్రాన్సిస్టర్లను పేర్చిన ఆయన ఫిల్టరుకు 1969 లో పేటెంటు వచ్చింది. పౌనఃపున్యం రెట్టింపు అయ్యేసరికి బలాన్ని సుమారు పదహారో వంతుకు దించివేసే నిట్రమైన వడపోత అది. గోడ ఎక్కినట్టుండే ఆ పరికరాన్నే కుదించి, 1970 లో మినీమోగ్ పేరుతో బల్ల మీద పట్టేటట్టు చేశారు. మూడు డోలకాలు, ఒక ఫిల్టరు, ఒకేసారి ఒకే స్వరం. 1974 లో స్టీవీ వండర్, 1977 లో పార్లమెంట్ బృందం కోసం బెర్నీ వొరెల్ మోగ్ యంత్రాలతో వాయించిన బేస్ వరుసలు విన్నవాళ్ళు బేస్ గిటారు స్థానానికి పోటీ వచ్చిందని గ్రహించారు. మన దేశం ఈ విషయంలో మరీ వెనకబడలేదు సుమా. అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు 1969 లోనే ఒక పెద్ద మోగ్ సింథసైజరు చేరింది.

మోగ్ ఫిల్టరులో ఒక తిరకాసు ఉంది. వడపోత అంచు దగ్గరి స్వరాలను పెంచి చూపే మీటను రెజొనెన్స్ అంటారు, అనునాదం. దాన్ని పెంచినకొద్దీ స్వరానికి ఈల వంటి ముక్కు వస్తుంది గాని, అడుగున ఉన్న పునాది పలుచబడుతుంది. పలుకుబడి కావాలంటే కండ కొంత వదులుకోవాలి. అందుచేత అనుభవజ్ఞులు పునాదిని వేరే పొరగా, ఫిల్టరు జోలికి పోకుండా, శుద్ధమైన సైన్ తరంగంగా విడిగా పెట్టుకొంటారు.

బేస్ వాయించేవాని బదులు

వాద్యకారుని పని తీసివేయడానికే పుట్టిన ఒక యంత్రం కథ ఇక్కడ చెప్పాలి. జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1981 లో టి.బి.-303 అనే చిన్న వెండిరంగు పెట్టెను విడుదల చేసింది. దాన్ని రూపొందించిన ఇంజనీరు తదావో కికుమోతో. టి.బి. అంటే ట్రాన్సిస్టర్ బేస్. ఒంటరిగా సాధన చేసుకొనే గిటారు వాద్యకారునికి పక్కవాద్యంగా బేస్ వాయించిపెట్టడం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగంలో అది ఘోరంగా తప్పింది. దాని మోతలో బేస్ గిటారు పోలిక బొత్తిగా లేదు. స్వరాలు ఒకసారి, వాటి కాలప్రమాణాలు మరొకసారి విడివిడిగా ఎక్కించాలి. ఆ తతంగం గిటారు వాళ్ళకు విసుగు పుట్టించింది. సుమారు పదివేల యంత్రాలు తయారుచేసి, 1984 లో కంపెనీ చేతులు దులుపుకొంది. పాత సామానుల దుకాణాల్లో అవి చవకగా దొరకసాగాయి.

అలా చవకగా వచ్చిన ఒక పెట్టెను చికాగోలో ఫ్యూచర్ అనే బృందంలోని ముగ్గురు కుర్రవాళ్ళు ముందేసుకొన్నారు. పాట వాయింపజేయాలన్న పట్టు వదిలి, యంత్రం తిరిగి తిరిగి పలుకుతున్న స్వరాల మీద ఫిల్టరు మీటలను అటూ ఇటూ తిప్పసాగారు. నీటిబుడగ పేలినట్టు, పిల్లి అరిచినట్టు, మనిషి గొణిగినట్టు, బేస్ వరుస క్షణక్షణం ముఖం మార్చుకొంది. 1987 లో 'ఆసిడ్ ట్రాక్స్' పేరుతో వెలువడిన ఆ రికార్డు నుంచి ఆసిడ్ హౌస్ అనే సంగీతశాఖ పుట్టి, మరుసటి ఏడాదికి ఇంగ్లండును ఊపివేసింది. ఇందులో మనం గమనించవలసినది ఒకటుంది. ఆ రికార్డులో స్వరాలు మారకుండా తిరుగుతూనే ఉంటాయి. కథ నడిపేది నాదగుణం. స్వరసంచారమే సంగీతమని పెరిగిన మన చెవులకు అది మార్పులేని మోతగా తోచడానికి కారణం ఇదే. మనం ఒకచోట వెతుకుతూ ఉంటాము, పాట మరొకచోట జరుగుతూ ఉంటుంది.

అంతకు అయిదేళ్ళ ముందే, 1982 లో, బొంబాయి హిందీ సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ అదే టి.బి.-303 ను, రోలాండ్ కంపెనీవే మరి రెండు యంత్రాలను ముందు పెట్టుకొని, డిస్కో తాళం మీద పది రాగాలను రికార్డు చేశారు. భూపాలి, మాల్‌కౌఁస్, యమన్ అందులో ఉన్నాయి. మన మోహన, హిందోళ, కల్యాణి రాగాలకు అవి ఉత్తరాది చుట్టాలు. ఆ యంత్రంలో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారుడుగా వెళ్ళే సదుపాయం ఉంది. గిటారు వాళ్ళకు అంతగా పనికిరాని ఆ జారుడు రాగాలకు చక్కగా అమరింది. రికార్డు అమ్ముడుపోలేదు, 2010 లో హాలండు నుంచి మళ్ళీ వెలువడ్డాకనే దాని గొప్పతనం లోకానికి తెలిసింది. ఆసిడ్ హౌస్‌ను ఆయనే కనిపెట్టారని కొందరంటారు గాని, చికాగోవారు ఆ రికార్డు విన్నారనడానికి ఆధారం లేదు. ఒకే పనిముట్టు ఇద్దరి చేతుల్లో పడి, ఇద్దరికీ తలా ఒక దారి చూపిందనుకోవడమే న్యాయం. 2015 లో ఆయన కన్నుమూశారు.

రెండు స్వరాల తగవు

తొలచకుండా లెక్కతో పుట్టించే పద్ధతి ఒకటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967 లో ఒక స్వరాన్ని మరొక స్వరంతో వణికించి చూస్తూ, ఆ వణుకును సెకనుకు వందల మార్లకు పెంచాడు. అప్పుడది వణుకుగా వినబడడం మాని కొత్త అనుస్వరాలుగా మారింది. యమాహా ఈ పేటెంటును తీసుకొని 1983 లో డి.ఎక్స్.7 ను తెచ్చింది. వణుకు పాలును మొదట ఎక్కువగా ఉంచి చటుక్కున తగ్గిస్తే, గోటితో మీటినట్టు టంగుమనే బేస్ వస్తుంది. 1980 లలోని ఎన్నో పాటల్లో వినబడే లోహపు మెరుపు దీనిదే.

ఇంతకన్న ఆసక్తికరమైనది డెట్రాయిట్‌లో జరిగింది. 1988 లో కెవిన్ సాండర్సన్ 'రీస్' అన్న పేరుతో వెలువరించిన ఒక రికార్డులో బేస్ స్వరం నిలకడగా ఉంటూనే లోపల పొగలాగ సుడులు తిరుగుతుంది. కిటుకు చాలా చిన్నది. ఒకే స్వరాన్ని రెండు డోలకాలతో పలికించి, ఒకదానిని పిసరంత శ్రుతి తప్పించాలి. ఒకటి 55, మరొకటి 55.5 హెర్ట్జ్ అనుకోండి. రెండూ రెండు సెకన్లకొకసారి కలుస్తూ విడిపోతూ ఉంటాయి. భౌతికశాస్త్రంలో వీటిని విస్పందనాలంటారు. తంబూరా సారణి తీగలు రెంటినీ కలిపేటప్పుడు మన విద్వాంసులు వినేది వీటినే; అవి పూర్తిగా అణగిపోయేదాకా పూసలు జరుపుతారు. సాండర్సన్ వాటిని అణచకుండా వదిలాడు. రెండవ అనుస్వరాల మధ్య తేడా 1 హెర్ట్జ్, నాలుగవ వాటి మధ్య 2, పదవ వాటి మధ్య 5. అంటే పునాది నెమ్మదిగా ఊగుతుంటే పై అంతస్తులు వాటి వాటి వేగాల్లో తిరుగుతూ ఉంటాయి. అందుకే ఆ మోతకు ప్రాణమున్నట్టు ఉంటుంది. తరువాత బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతకారులు దీనిని తమ సొత్తు చేసుకొన్నారు.

అయితే చిక్కు ఒకటి వెన్నంటే వస్తుంది. రెండు పునాదులు ఎదురెదురుగా పడిన క్షణంలో ఒకదాన్నొకటి రద్దు చేసుకొని, 55 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. నాట్యం చేస్తున్న హాలులో రెండు సెకన్లకొకసారి నేల జారిపోయినట్టుంటుంది. దీనికి మందు, పైన చెప్పిన పొరల పద్ధతే. శ్రుతి తప్పిన జంటలో 100 లేక 120 హెర్ట్జ్ కు దిగువ ఉన్నదంతా కోసివేసి, ఆ ఖాళీలో ఒకే ఒక్క నికరమైన 55 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని కూర్చుంటబెడతారు. తగవు మేడ మీద జరుగుతుంది; పునాది కదలదు. ఆ పునాదిని కుడి ఎడమ స్పీకర్లలో సమానంగా ఉంచడం కూడ పాత ఆచారం. గ్రామఫోను రికార్డుల కాలంలో రెండువైపులా వేర్వేరు మంద్రస్వరాలుంటే సూది గాడి తప్పేది.

మద్దెల దెబ్బే పాట అయిన వైనం

1980 నాటి రోలాండ్ టి.ఆర్.-808 నిజానికి తాళయంత్రం. అందులో పెద్ద మద్దెల దెబ్బను ఒక చిన్న విద్యుద్వలయం పుట్టిస్తుంది. గంటను ఒక్కసారి తట్టి వదిలినట్టు, ఆ వలయాన్ని ఒక్క స్పందనతో తట్టితే అది దాదాపు శుద్ధమైన మంద్రస్వరంతో మోగి మోగి ఆగుతుంది. ఆ మోగే కాలాన్ని పొడిగించే మీట కూడ ఉంది. అమెరికాలోని హిప్‌హాప్ వాళ్ళు ఆ దెబ్బను సాగదీసి, శ్రుతులు మార్చి, బేస్ వరుసగానే వాయించసాగారు. ఈనాటికీ ఆ మోతకు '808' అనే అంకెే పేరు. తబలా డగ్గా మీద అరచేతి మణికట్టు జరిపి గుంకారాన్ని సాగదీసే వాద్యకారునికి ఇందులో వింత ఏమీ కనబడదు.

ఈ 808 మోతలో అనుస్వరాలు లేకపోవడమే దాని లోపం; ఫోను స్పీకరులో అది వినిపించదు. అప్పుడేం చేస్తారంటే, తరంగాన్ని ఆంప్లిఫయరు తట్టుకోలేనంతగా పెంచి, తలనూ పాదాలనూ చదును చేస్తారు. దీనిని డిస్టార్షన్ అంటారు. పైనా కిందా సమానంగా నలిపితే 165, 275 వంటి బేసి అనుస్వరాలు కొత్తగా పుడతాయి. ఒకవైపే ఎక్కువ నలిపితే 110, 220 వంటివి కూడ చేరతాయి. చిన్న స్పీకరు ఈ కొత్త బిడ్డలను పలుకుతుంది, మెదడు తల్లిని పూరించుకొంటుంది. నాన్నగారి టెలిఫోను గొంతు సూత్రమే ఇక్కడ పనిచేస్తున్నది. ఇంజనీర్లు దశాబ్దాలపాటు దోషమని తరిమికొట్టిన వికృతి ఇలా గుణమైంది. కాని ఉప్పులాగ, చిటికెడు దాటితే కూర పాడవుతుంది. ఈనాటి పాటల్లో సగానికి ఉప్పు ఎక్కువైందని నా ఫిర్యాదు.

బేస్ స్వరమూ, తాళపు మద్దెలా రెండూ 50, 60 హెర్ట్జ్ దగ్గరే కాపురముంటాయి గనుక వాటి మధ్య ఇరుకు తప్పదు. మద్దెల పడిన ప్రతిసారీ బేస్ ఒక్క పదో వంతు సెకను తగ్గి, వెంటనే లేచేటట్టు ఏర్పాటు చేస్తారు.

గది అబద్ధమాడుతుంది

ఒకప్పుడు ఇల్లు కొనేంత ఖరీదైన ఈ పరికరాలన్నీ ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో, కొన్ని ఉచితంగానే దొరుకుతున్నాయి. దొరకనిది మంచి గది. గాలిలో 55 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 6.2 మీటర్లు, అంటే ఇరవై అడుగులు. మన పిల్లల పడకగది పొడవు పది అడుగులనుకోండి. అది సరిగ్గా ఆ తరంగంలో సగం. అలాంటి గదిలో ఎదురెదురు గోడల మధ్య తరంగం స్థిరంగా నిలబడిపోతుంది. గోడల దగ్గర మోత ఉరుముతుంది, గది నడిమధ్యన దాదాపు శూన్యం. మధ్యలో కుర్చీ వేసుకొన్న పిల్లవాడు "బేస్ చాలలేదు" అని పెంచుతూ పోతాడు. గోడకు అవతల పడుకొన్న అమ్మమ్మగారికి మంచం కదులుతూ ఉంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. కుర్చీని గది పొడవులో మూడో వంతు దగ్గరకు జరిపితే కొంత, మూలల్లో దళసరి దూది పలకలు పెడితే మరికొంత మేలు.

హెడ్‌ఫోన్లలో గది బాధ లేదు, కాని వేరే ప్రమాదముంది. చెవి మంద్రాన్ని తక్కువగా వింటుంది గనుక చెయ్యి శబ్దం పెంచే మీట మీదకే పోతుంది. మంద్రంతో పాటు మిగతా స్వరాలన్నీ పెరిగి చెవి లోపలి కర్ణావర్తంలోని సున్నితమైన కేశకణాల మీద పడతాయి. చచ్చిపోయిన కేశకణాలు మనుషుల్లో మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్లు, పిల్లలకు 75 డెసిబెల్లు హద్దుగా చెప్పింది; ప్రతి 3 డెసిబెల్లకూ ఆ గంటలు సగమవుతాయి. అంటే 89 డెసిబెల్ల దగ్గర పెద్దవాళ్ళకు వారానికి అయిదు గంటలే. బేస్ తయారుచేసేవాళ్ళలో తెలివైనవాళ్ళు పని చాలావరకు చిన్న శబ్దంతోనే చేస్తారు. తక్కువ శబ్దంలో కూడ బేస్ వరుస స్పష్టంగా వినిపించిందంటే అనుస్వరాలు చక్కగా అమరినట్టే.

తరువాత దానిని వేర్వేరు చోట్ల వినిచూడాలి. ముందు ఫోనులో; ఆ తరువాత వంటింట్లోని చిన్న స్పీకరులో; తలుపు మూసి పక్కగదిలోంచి. చివరిగా కారులో, ఎందుకంటే మూసిన కారు కొలతలు మంద్రతరంగాల కన్న చిన్నవి గనుక లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా నొక్కుకొని, గదిలో దాగిన పునాది లోపాలన్నీ బయటపడతాయి. కనుక రాత్రి పదకొండు గంటలకు మీ పిల్లవాడు కారు తాళాలు అడిగితే, అది షికారుకు కాకపోవచ్చు.